వెనిస్ దారిలో ఒక్క రాత్రి: రోతెన్‌బుర్గా, ఫ్యూసెనా, బ్రిక్సెనా?

మే నెల వచ్చిందంటే చాలు, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో ఇదే చర్చ. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు, అయిదుగురికి విమానం టికెట్లు లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది, సరే కార్లోనే వెనిస్ పోదాం అనుకుంటారు. మ్యాప్‌లో కొడితే 900 కిలోమీటర్లకి అటూ ఇటూగా, తొమ్మిది పది గంటలని చూపిస్తుంది. ఆ గంటల్ని నమ్మకండి. మ్యాప్‌కి మోకాళ్ల నొప్పులుండవు, బాత్రూమ్ కోసం ఆగే పని ఉండదు, వెనక సీట్లో కడుపు తిప్పుతోందని ఏడ్చే పిల్లాడుండడు. మాకైతే ఆగినవన్నీ కలుపుకుంటే పదమూడు గంటలకి తక్కువ ఎప్పుడూ పట్టలేదు. కాబట్టి మధ్యలో ఒక రాత్రి ఎక్కడో నడుం వాల్చాలి.

మొదటిసారి నేనే బుక్ చేశాను, ఫొటో చూసి. కిటికీ కింద ఎర్రటి పూలకుండీలు, ఎదురుగా చెక్క దూలాలు బయటికి కనిపించే పాతకాలపు ఇళ్లు, కింద రాళ్లు పరిచిన వీధి. ఏ ఊరో ఏ హోటలో చెప్పను, చూసుకోకుండా బుక్ చేసిన తప్పు నాది. ఊరు అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. కాకపోతే కారు ఆ వీధిలోకి పోదు. ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి, నాలుగు సూట్‌కేసులు, రైస్ కుక్కర్ ఉన్న సంచి, భుజం మీద నిద్రపోతున్న మా వాడు, వీటన్నిటితో పావుగంట నడిచాం. రాళ్ల మీద సూట్‌కేసు చక్రాలు చేసే చప్పుడికి ఒకావిడ కిటికీ తెరిచి మరీ చూసింది. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. మామయ్యగారు ఒక్క మాట అనలేదు, అనకపోవడమే ఎక్కువ బాధేసింది. స్నానాలు చేసి తొమ్మిది దాటాక కిందికి దిగితే వంటగది కట్టేశామన్నారు. ఆ రాత్రి మంచాల మీద కూర్చుని కుక్కర్ అన్నం, ఆవకాయ, పెరుగు. అందమైన ఊరు చూశామా అంటే చూశాం, చీకట్లో, సామాను మోస్తూ.

అప్పటినుంచి ఇంకో మూడుసార్లు ఇదే దారిలో వెళ్లాం, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో ఆగాం. నాకు అర్థమైందేంటంటే, దారిలో పడుకునే ఊరిని చూడ్డానికి వెళ్లే ఊరిలా ఎంచుకోకూడదు. సాయంత్రం ఆరింటికి చేరతారు, పొద్దున తొమ్మిదింటికి బయల్దేరతారు, అంటే చేతిలో ఉన్నది పదిహేను గంటలు, అందులో ఎనిమిది నిద్రకే పోతాయి. మధ్యాహ్నం ఆ ఊరు ఎంత బాగుంటుందో మీకు అనవసరం. సాయంత్రం ఆరు తర్వాత ఏం మిగులుతుంది, పొద్దున్నే ఏం తెరిచి ఉంటుంది, హైవే దిగి ఎంతసేపట్లో మంచం ఎక్కొచ్చు, ఇవి చూడాలి. ఇంకోటి, మర్నాడు ఎంత దూరం మిగిలింది. చాలామంది దెబ్బతినేది ఈ చివరిదాని దగ్గరే.

ముందు దారి సంగతి. వెనిస్‌కి అందరూ పట్టేది ఆస్ట్రియా మీదుగా బ్రెన్నర్ కనుమ దారే. ఆ కనుమ దాకా రెండు రకాలుగా రావచ్చు. ఒకటి మ్యూనిక్ మీదుగా ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్. రెండోది వ్యుర్జ్‌బుర్గ్ దగ్గర ఏ7 హైవే పట్టుకుని తిన్నగా దక్షిణానికి, ఆ హైవే ఫ్యూసెన్ దగ్గర జర్మనీతో పాటే అయిపోతుంది, అక్కడినుంచి ఫెర్న్ కనుమ దాటి ఇన్స్‌బ్రుక్. ఫొటోల్లో మీరు చూసే పాత ఊళ్లలో చాలా వరకు ఈ ఏ7 పక్కనే వరసగా ఉంటాయి: రోతెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్, కొంచెం పక్కకి నోర్డ్‌లింగెన్, చివర్న ఫ్యూసెన్. బ్రెన్నర్ దాటాక ఇటలీ వైపు స్టెర్జింగ్, బ్రిక్సెన్. మనం ఎంచుకోవాల్సింది వీటిలోంచే.

రోతెన్‌బుర్గ్‌తో మొదలుపెడతాను, ఎవరిని అడిగినా ముందు చెప్పేది అదే కాబట్టి. జీపీఎస్‌లో పేరు పూర్తిగా కొట్టండి, రోతెన్‌బుర్గ్ ఓబ్ డేర్ టౌబర్ అని. మన హెస్సెన్ రాష్ట్రంలోనే ఫుల్డా నది ఒడ్డున దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది, ఒక్క అక్షరం తేడా, అటు పోయారంటే వెనిస్‌కి వీపు పెట్టి ప్రయాణం చేసినట్టే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 180 కిలోమీటర్లు, హైవే దిగితే అయిదారు నిమిషాల్లో కోట గోడ కనిపిస్తుంది. గోడ బయటే పెద్ద పార్కింగ్‌లు ఉన్నాయి, పీ1 నుంచి పీ5 దాకా. గోడ లోపల హోటల్ తీసుకుంటే సామాను దింపుకోవడానికి కారు ఎక్కడిదాకా రానిస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

ఈ ఊరి కిటుకంతా సాయంత్రమే. పగలంతా బస్సులు బస్సులుగా దిగుతారు, ప్లోన్‌లైన్ అనే ఆ రెండు దారులు చీలే చోట, పసుపు రంగు ఇంటి ముందు, ఫొటోకి నిలబడాలంటే తిరుపతి క్యూ గుర్తొస్తుంది. ఆరు దాటితే బస్సులు వెళ్లిపోతాయి. అప్పుడు మిగిలేది మీరూ, ఊరివాళ్లూ, రాళ్ల వీధుల్లో చెప్పుల చప్పుడూ. రాత్రి 8 గంటలకి మార్కెట్ స్క్వేర్‌లో కాపలావాడి వేషంలో, చేతిలో లాంతరు, భుజాన బల్లెంలాంటి ఆయుధం పట్టుకుని ఒకాయన వస్తాడు, ఊరంతా తిప్పుతూ ఇంగ్లీషులో కథలు చెప్తాడు. వసంతం నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. అక్కడే ఒక గడియారం ఉంది, రాత్రి 8, 9, 10 కొట్టినప్పుడు కూడా పక్కన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు బయటికొస్తాయి. ఆ బొమ్మలు చూపించేది ఇదే: 1631లో శత్రు సేనాని టిల్లీ ఊరిని తగలబెడతానంటే, మాజీ మేయరొకాయన మూడుంబావు లీటర్ల వైన్‌ని ఎత్తిన పాత్ర దించకుండా తాగి ఊరిని కాపాడాడని కథ. కథే లెండి, చరిత్ర అని ఎవరూ ఒట్టేయరు. మా ఆయన మాత్రం అది విన్నప్పటినుంచి ఆ మేయర్ని తెగ గౌరవిస్తున్నాడు.

పొద్దున మామయ్యగారికి అలవాటు ప్రకారం అయిదింటికే మెలకువ వచ్చేసింది. ఇద్దరం గోడ ఎక్కాం. పైన పెంకుల కప్పు ఉంటుంది, సన్నటి చెక్క దారి, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒత్తిగిలాలి. సుమారు రెండున్నర కిలోమీటర్లు అలా నడవచ్చు. గోడ రాళ్ల మీద వరసగా పేర్లు చెక్కి ఉన్నాయి, ఎవరు ఎన్ని మీటర్లకి డబ్బిచ్చారో. 1945 మార్చి 31న అమెరికా విమానాలు బాంబులేస్తే పాత ఊరిలో దాదాపు 40 శాతం పోయింది, తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి చందాలు తెప్పించి గోడ మళ్లీ కట్టారు. మామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ, "జపాన్‌వాళ్లు బాగా ఇచ్చినట్టున్నారే" అన్నారు. నిజమే, చాలా ఉన్నాయి. "మన గుళ్లో ఫ్యాన్ రెక్క మీద కూడా దాత పేరుంటుంది కదమ్మా, ఇదీ అంతే" అని తేల్చేశారు. తెలుగు పేరు ఒక్కటైనా దొరుకుతుందేమోనని చివరిదాకా వెతికారు కానీ మాకు కనపడలేదు.

అత్తయ్యగారు గోడ ఎక్కలేదు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పనికిరాదు. ఆవిడకి బుర్గ్‌గార్టెన్ నచ్చింది, కోట ఉండే చోట ఇప్పుడు తోట, చదునుగా ఉంటుంది, బెంచీ మీద కూర్చుంటే కింద టౌబర్ లోయంతా కనిపిస్తుంది. అన్నట్టు అక్కడ ష్నీబాల్ అని అమ్ముతారు, పిండి రిబ్బన్లలా కోసి ఉండ చుట్టి నూనెలో వేయించి పైన పంచదార పొడి జల్లుతారు. పాకం పట్టడం మరిచిపోయిన మడత కాజా అనుకోండి. అయిదుగురికి ఒకటి చాలు. గుడ్డు పడుతుంది, పూర్తి శాకాహారులు గమనించుకోండి.

ఇంత పొగిడాను కదా, మరి అక్కడే ఆగమంటానా అంటే, ఒక్క రాత్రే ఆగేటట్టయితే వద్దంటాను. లెక్క చూడండి. మొదటి రోజు 180 కిలోమీటర్లు, మర్నాడు 700 పైన. మొదటి రోజు హాయిగా తిరిగి, రెండో రోజు పొద్దుటినుంచి రాత్రి దాకా కార్లో మగ్గిపోవడం, అదీ బ్రెన్నర్ మీద మిట్టమధ్యాహ్నం ఇరుక్కుని. దీన్ని సగం దారిలో ఆగడం అనరు. శుక్రవారం ఆఫీసు అయ్యాక నాలుగింటికి బయల్దేరేవాళ్లకి మాత్రం ఇది బంగారం, రాత్రి భోజనం వేళకి చేరిపోతారు, ఎలాగూ ఇంట్లో పడుకునే రాత్రిని అక్కడ పడుకున్నారు. కానీ అలాంటప్పుడు శనివారం ఇంకోచోట కూడా ఆగాలి, అది చివర్లో చెప్తాను.

డింకెల్స్‌బ్యూల్ గురించి రెండు ముక్కలు. రోతెన్‌బుర్గ్ నుంచి ఇంకో 45 కిలోమీటర్లు కిందికి. యుద్ధంలో బాంబులు పడలేదు, అందుకని పాత ఇళ్లు పాత ఇళ్లే, జనం తక్కువ, అంగళ్లు తక్కువ. 1632లో స్వీడన్ సేన వస్తే ఊళ్లో పిల్లలు ఎదురెళ్లి బతిమాలి ఊరిని కాపాడారని చెప్పుకుంటారు, ఆ కథని జులైలో పండగలా చేస్తారు. ఈ చుట్టుపక్కల ప్రతి ఊరినీ ఎవరో ఒకరు చివరి నిమిషంలో కాపాడినవాళ్లే. రోతెన్‌బుర్గ్‌లో గదులు దొరక్కపోతే కళ్లు మూసుకుని ఇక్కడ తీసుకోండి. దూరం లెక్క మాత్రం అదే, మర్నాడు భారం తగ్గదు.

ఫ్యూసెన్‌కి వద్దాం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 400, అక్కడినుంచి వెనిస్ 450 పైన. కాగితం మీద సరిగ్గా సగం, అందుకే అందరూ అటు మొగ్గుతారు. ఊరు కూడా బాగుంటుంది, 800 మీటర్ల ఎత్తులో, జులైలో కూడా సాయంత్రానికి చల్లబడుతుంది, ఇక్కడి హోటళ్లలో చాలావాటికి ఏసీ ఉండదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లెఖ్ నది నీళ్లు పచ్చలా ఉంటాయి, ఊళ్లోంచి నడుచుకుంటూ పావుగంటలో జలపాతం దాకా పోవచ్చు. ఊళ్లోనే పైనున్న పాత కోట ముంగిట నిలబడి గోడల్లో కిటికీల చుట్టూ ఉన్న చెక్కడాల్ని చూడండి, చాలా వరకు చెక్కడాలు కావు, రంగుతో వేసిన బొమ్మలు. మా వాడు చెయ్యి పెట్టి తడిమేదాకా నమ్మలేదు. హోటల్లో ఇచ్చే ఫ్యూసెన్ కార్డుతో లోకల్ బస్సులు ఉచితం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పక్కనే నాలుగు కిలోమీటర్లలో నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట ఉంది. రాజు రెండో లూడ్విగ్ 1869లో మొదలుపెట్టి, పూర్తి కాకముందే 1886లో చనిపోయిన కోట, 2025లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. ఇంతదూరం వచ్చి అది చూడకుండా ఎలా అంటారు ఎవరో ఒకరు, మా ఇంట్లో అయితే నేనే అన్నాను. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో టైముతో సహా తీసుకోవాలి, కింద ఊరి నుంచి కోట దాకా అరగంట పైన ఎక్కుడు, లోపల గైడ్‌తో తిప్పేది అరగంటే కానీ మెట్లే మెట్లు. మొత్తం కలిపి సగం రోజు హరీ. మధ్యాహ్నం రెండింటికి కారెక్కితే వెనిస్ చేరేసరికి అర్ధరాత్రి. కోట చూడాలనుకుంటే ఫ్యూసెన్‌లో రెండు రాత్రులు ఉండండి, ఒక రాత్రే అయితే దూరం నుంచి దణ్ణం పెట్టి వెళ్లిపోండి. మధ్యేమార్గం లేదు.

రెండో చిక్కు ఫెర్న్ కనుమ. ఎత్తు 1,200 మీటర్ల పైన, అటొక వరస ఇటొక వరస ఉండే మామూలు రోడ్డు. వేసవి శనివారాల్లో సరిహద్దు సొరంగం దగ్గరే కార్లని ఆపి కొన్ని కొన్నిగా వదులుతారు. జీపీఎస్ చూపించిన సందుదారిలో పోదామంటే కుదరదు, వారాంతాల్లో టిరోల్‌వాళ్లు, అంటే ఆ కనుమ ఉన్న ఆస్ట్రియా రాష్ట్రంవాళ్లు, దారినపోయే బళ్లని పక్క ఊళ్లలోకి దిగనివ్వరు, పోలీసులు నిలబడి వెనక్కి పంపిస్తారు. దీనికి మందు ఒకటే, పొద్దున ఆరింటికి రోడ్డు మీద ఉండటం. మీది ఆరింటికి బయల్దేరగలిగే ఇల్లేనా, నిజాయితీగా ఆలోచించుకోండి. మా అత్తమామలు అయిదున్నరకే స్నానం, కాఫీ ముగించి, బట్టలు సర్దుకుని, మంచం అంచున చేతులు కట్టుకుని కూర్చుంటారు. లేవనిది మా ఆయన. ఆ రోజు ఎనిమిదిన్నరకి బయల్దేరి, ఇన్స్‌బ్రుక్ చేరేసరికి పన్నెండు దాటింది.

ఇక బ్రెన్నర్ దాటిన తర్వాత ఊళ్లు. దాటేముందు డబ్బుల సంగతి చెప్పాలి. ఆస్ట్రియా హైవేలకి విన్యెట్, అంటే హైవే మీద వెళ్లడానికి పాస్, కొనాలి, 2025లో 10 రోజులది కారుకి 12.40 యూరోలు, రేటు ఏటా కొంచెం మారుతుంటుంది. దాంతో అయిపోలేదు, ఇన్స్‌బ్రుక్ నుంచి బ్రెన్నర్ దాకా ఉన్న ముక్కకి విడిగా టోల్ కట్టాలి, విన్యెట్ ఉంది కదా అని వాదిస్తే లాభం లేదు. ఆ ముక్కలో లూగ్ వంతెన అని ఒకటుంది, పాతబడిపోయింది, కొత్తది కట్టేదాకా బరువు తగ్గించాలని 2025 జనవరి నుంచి మామూలు రోజుల్లో ఒక్కో వైపు ఒక్కటే వరస వదులుతున్నారు, రద్దీ రోజుల్లో రెండు. సెలవు పెట్టుకోగలిగితే శనివారం మానేసి మంగళవారమో బుధవారమో దాటండి, నేను చెప్పే సలహాలన్నిట్లో దీనికే ఎక్కువ విలువ.

కనుమ ఎత్తు 1,370 మీటర్లు. దాటాక దిగుతూ పోతే పది పదిహేను నిమిషాల్లో స్టెర్జింగ్, ఇటాలియన్‌లో విపితేనో. ఈ ప్రాంతమంతా మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆస్ట్రియాది, తర్వాత ఇటలీకి వచ్చింది, అందుకే ప్రతి ఊరికీ రెండు పేర్లు, బోర్డుల మీద రెండూ ఉంటాయి, ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా జర్మనే. ఇక్కడ పదేళ్లుగా ఉండి కూడబలుక్కున్న మన జర్మన్ ఇటలీలో పనికొస్తుందంటే అదో ఆనందం. స్టెర్జింగ్ చిన్నది, ఒకటే ప్రధాన వీధి, మధ్యలో 46 మీటర్ల గడియార స్తంభం లాంటి బురుజు, రంగురంగుల ఇళ్లు, చుట్టుపక్కల కొండల్లో ఒకప్పుడు వెండి తవ్వేవారు, ఆ డబ్బుతో కట్టినవే అవన్నీ. హైవే దిగితే అయిదు నిమిషాలు. ఒక గంటలో ఊరంతా చూసేయొచ్చు, అలసిపోయి వచ్చినవాళ్లకి ఆ చిన్నతనమే సుఖం. ఇక్కడి పెరుగు ఇటలీ అంతా అమ్ముడుపోతుంది, పెద్ద డబ్బా కొనుక్కుంటే మర్నాటి దద్దోజనానికి దిగుల్లేదు.

కానీ ఓపిక ఉంటే ఇంకో 30 కిలోమీటర్లు నడిపి బ్రిక్సెన్ పొండి, ఇటాలియన్‌లో బ్రెస్సనోనే. నా ఓటు దీనికే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ మీదుగా 630 దాకా అవుతుంది, పొద్దున ఆరున్నరకి బయల్దేరితే ఆగుతూ ఆగుతూ సాయంత్రం అయిదు లోపు చేరతారు. మొదటి రోజు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ మొదటి రోజు అందరికీ హుషారుంటుంది, పులిహోర డబ్బా నిండుగా ఉంటుంది, పిల్లలకి ట్యాబ్ చార్జింగ్ ఉంటుంది. బరువంతా ఆ రోజు మోసేస్తే, మర్నాడు మిగిలేది హైవే మీద 300 కిలోమీటర్లే, మధ్యాహ్నం భోజనానికి వెనిస్ దగ్గర ఉంటారు. ఆల్ప్స్ దాటేసి పడుకున్న రాత్రి పట్టే నిద్ర వేరు.

ఊరు 560 మీటర్ల ఎత్తులో, నేల చాలా వరకు చదును. పాత వీధుల్లో ఇళ్ల కింద వరండాల్లాంటి ఆర్చీలు, వాన పడ్డా ఎండ కాసినా వాటి కిందే నడిచిపోవచ్చు. అత్తయ్యగారు నాలుగు ట్రిప్పుల్లో ఎక్కడా కూర్చోకుండా ఊరంతా తిరిగింది ఇక్కడొక్కచోటే. సాయంత్రం కెథెడ్రల్ ముందు మైదానంలో పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ ఉంటారు, ఊళ్లో మనుషులుంటారు, అంటే టూరిస్టులు వెళ్లిపోయాక తాళం వేసుకునే ఊరు కాదు.

ఇక్కడొక ఏనుగు కథ ఉంది. 1551 చివర్లో, ఆసియా నుంచి ఓడలో పోర్చుగల్ దాకా వచ్చిన ఒక ఏనుగుని, తర్వాత చక్రవర్తి అయిన రెండో మాక్సిమీలియన్ తన వెంట వియన్నాకి నడిపించుకుపోతూ, బ్రెన్నర్ ఎక్కేముందు ఈ ఊళ్లో దాదాపు రెండు వారాలు ఆపాడు. దాని పేరు సోలిమాన్. దాన్ని కట్టేసిన సత్రం పేరు ఆ తర్వాత ఎలిఫెంట్ అని మారిపోయింది, ఇప్పటికీ అదే పేరుతో హోటల్‌గా నడుస్తోంది. మనమూ అదే దారి, అదే ఊళ్లో మజిలీ, కాకపోతే ఎదురు దిక్కున.

పొద్దున కెథెడ్రల్ పక్కనే ఉన్న మఠం వసారాలోకి వెళ్లండి. కప్పు నిండా, గోడల నిండా పాత చిత్రాలు. వాటిలో ఒక ఏనుగు బొమ్మ ఉంది, సోలిమాన్ రాక చాలా ముందే వేసింది, అంటే వేసినాయన ఏనుగుని జన్మలో చూసి ఉండడు. అత్తయ్యగారు మెడ వెనక్కి వాల్చి కాసేపు చూసి, "ఇదేం ఏనుగే తల్లీ, గుర్రానికి తొండం అతికించినట్టుంది" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నిజంగా అలాగే ఉంది, సన్నటి కాళ్లు, గుర్రం నడుం, ముందు ఒక గొట్టం. వినాయకుణ్ణి ఏటా మట్టితో చేసే ఇంటి నుంచి వచ్చినావిడ ముందు ఆ చిత్రకారుడు ఫెయిల్. ట్రిప్పు మొత్తం మీద ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నది వెనిస్ గురించి కాదు, ఈ గుర్రపు ఏనుగు గురించే.

తిండి సంగతి కూడా ఇక్కడే బాగుంది, ముఖ్యంగా శాకాహారులకి. ష్లుట్స్‌క్రాప్‌ఫెన్ అని, ఆకారం అచ్చం కజ్జికాయ, లోపల పాలకూర, పాలవిరుగుడు లాంటి చీజ్, ఉడకబెట్టి పైన కాచిన వెన్న పోస్తారు. కారం ఉండదు, మిరియాల పొడి అడగండి. పాలకూర వేసిన బ్రెడ్డు ఉండలు కూడా దొరుకుతాయి, అయితే అదే క్నోడెల్ పేరుతో ష్పెక్ వేసినవి కూడా ఉంటాయి, ష్పెక్ అంటే పంది మాంసం, మెనూలో ఆ మాట కనిపిస్తే పక్కకి తప్పుకోండి. కాఫీ మాత్రం ఇటలీ కాఫీ. జర్మనీలో నీళ్ల కాఫీ తాగి తాగి ఉన్న మామయ్యగారు, చిన్న కప్పులో వచ్చిన దాన్ని చూసి ఇంతేనా అన్నారు, తాగాక ఇంకోటి చెప్పమన్నారు.

ఒక జాగ్రత్త. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని ఉంటుంది, అనుమతి లేని కార్లు లోపలికి రాకూడదు, కెమెరాలు నంబర్ ప్లేటు ఫొటో తీస్తాయి. ఎవరూ ఆపరు, అరవరు, కొన్ని నెలల తర్వాత జర్మనీలో మీ ఇంటికి ఉత్తరం వస్తుంది. హోటల్ ఆ గీత లోపలుందా బయటుందా, లోపలైతే మన బండి నంబరు వాళ్లు నమోదు చేస్తారా అని అడగండి. నన్నడిగితే గీత బయట, సొంత పార్కింగ్, లిఫ్ట్ ఉన్నది తీసుకుని అయిదు నిమిషాలు నడవడం మేలు. పూలకుండీల కిటికీ కింద నుంచి చూసినా అంతే అందం.

గది తీసుకునేటప్పుడు ఇంకో రెండు మూడు అడగాలి. వంటగది ఎన్నింటికి కడతారు, చాలాచోట్ల ఎనిమిదిన్నర, తొమ్మిదే. రోతెన్‌బుర్గ్, ఫ్యూసెన్ ఉండే బవేరియా రాష్ట్రంలో సూపర్‌మార్కెట్లు మామూలుగా రాత్రి 8కే మూసేస్తారు, మన ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదింటి దాకా ఉంటాయి కదా అని ధీమాగా వెళ్తే పాల ప్యాకెట్ కూడా దొరకదు, ఆదివారమైతే అసలే లేదు. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సుఖమే కానీ పోపు పెట్టేముందు కిటికీ తెరవండి, ఆవాలు చిటపటమనగానే కప్పు మీది స్మోక్ అలారం కూడా మొదలుపెడుతుంది. మాకు జరిగింది, పొరుగు గది ఆయన పైజామాతో బయటికి పరిగెత్తాడు.

మిలాన్ వైపో కోమో సరస్సుకో వెళ్లేవాళ్లకి ఇదంతా వర్తించదు, వాళ్లు స్విట్జర్లాండ్ మీదుగా దాదాపు 17 కిలోమీటర్ల గోట్హార్డ్ సొరంగం దారిలో పోతారు. వాళ్లకి ఫ్రాన్స్‌లోని కోల్మార్ బాగుంటుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 300 కిలోమీటర్లకి అటూ ఇటూగా, కాలవల పక్కన రంగుల ఇళ్లు, న్యూయార్క్‌లోని లిబర్టీ విగ్రహాన్ని చేసిన బార్తోల్డీ పుట్టిన ఊరు. కొంచెం పెద్ద ఊరు కాబట్టి సాయంత్రాలు సందడిగానే ఉంటుంది. స్విట్జర్లాండ్ విన్యెట్ ఏడాదికే అమ్ముతారు, 40 ఫ్రాంకులు, ఒక్కసారి దాటిపోవడానికైనా అంతే. వెనిస్‌కి వెళ్తూ కోల్మార్ మీదుగా పోతామనేవాళ్లని మాత్రం చూశాను, అక్కడ చిన్న వెనిస్ అనే పేట ఉందని. పెద్ద వెనిస్‌కే వెళ్తున్నాం కదా బాబూ.

సరే, మీ పరిస్థితిని బట్టి చెప్పమంటే ఇలా చెప్తాను. ఒక్క రాత్రే ఉంది, వారం మధ్యలో పొద్దున్నే బయల్దేరతారు, అయితే బ్రిక్సెన్, అంత దూరం నడపలేమనుకుంటే స్టెర్జింగ్. జులై, ఆగస్టు శనివారమే తప్పదు, కానీ ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే లేస్తారు, అయితే ఫ్యూసెన్‌లో పడుకుని ఆదివారం ఆరింటికల్లా కనుమ ఎక్కేయండి, కోట పేరు ఎత్తకుండా. పెద్దవాళ్లు ఎక్కువసేపు కూర్చోలేరు, డబ్బు కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు అంటే శుక్రవారం సాయంత్రం రోతెన్‌బుర్గ్, శనివారం నింపాదిగా నడిపి రాత్రికి బ్రిక్సెన్, ఆదివారం మధ్యాహ్నానికి వెనిస్. మేం ఆఖరిసారి చేసింది ఇదే, దార్లో ఎవరూ ఎవరి మీదా అరవని ట్రిప్పు కూడా అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వచ్చేచోట పోలీసులు బళ్లు ఆపి చూస్తుంటారు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ల పాస్‌పోర్టులు డిక్కీలో అడుగు సూట్‌కేసులో పెట్టకండి. వచ్చేటప్పుడు మేం నోర్డ్‌లింగెన్‌లో ఆగుతాం. కోటిన్నర ఏళ్ల కిందట ఉల్క పడి 25 కిలోమీటర్ల వెడల్పున ఏర్పడిన గుంటలో ఉంది ఆ ఊరు, చర్చి కట్టిన రాయి కూడా ఆ దెబ్బకి పుట్టిందే, అందులో కంటికి కనపడనంత సన్నటి వజ్రాలున్నాయట. అపోలో వ్యోమగాములు 1970లో ఇక్కడికొచ్చి రాళ్లు చదవడం నేర్చుకున్నారు. ఊరి చుట్టూ గోడ ఎక్కడా తెగకుండా ఉంటుంది, వెళ్లేటప్పుడు దీన్ని చెప్పలేదేమంటే హైవే నుంచి అరగంట పక్కకి పోవాలి, ఇంటికొచ్చేటప్పుడు ఆ తొందర ఉండదు. 90 మీటర్ల చర్చి బురుజు మీద ఇప్పటికీ కాపలావాడు ఉంటాడు, రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి కిందికి కేకేస్తాడు, "సో, గ్జెల్, సో" అని. ఆ సంగతి చెప్పినందుకు మామయ్యగారు పది కాకముందే స్వెటర్ వేసుకుని, చర్చి ఎదురుగా బెంచీ మీద కూర్చుని, మెడ ఎత్తి పైకి చూస్తూ ఉన్నారు. కేక వినపడగానే మా వైపు తిరిగి, "మన కాలనీలో గూర్ఖా కర్రతో కొడతాడే, అలాంటిదన్నమాట" అన్నారు, ఇంకో అరగంట కూర్చుని రెండోది కూడా విని వస్తానని మమ్మల్ని గదికి పంపించేశారు.